పగటి పనికి, రాత్రి ఆటకు ఒక్క ప్రాసెసరు

హైదరాబాదు నుండి ముంబాయి దిక్కునకు పోవు 65వ జాతీయ రహదారిమీద రామచంద్రాపురము దాటి, బీరంగూడ, పటాన్‌చెరు, ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది అను ఊళ్ళమీదుగా సంగారెడ్డికి చేరు ప్రయాణికునకు ఇరుప్రక్కల గోచరించునవి పొగగొట్టములు, రేకుల షెడ్లు, లారీల బారులు, మందుల కంపెనీల ప్రహరీలు మాత్రమే. 1960ల దశకమున భెల్ కర్మాగారము రామచంద్రాపురమున నెలకొన్న తరువాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలుగా విస్తరించి, 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ పరిశోధనాక్షేత్రమునకు పొరుగున నిలిచి, 2008లో ఎద్దుమైలారమునందలి ఆయుధకర్మాగారపు ఆవరణలో తాత్కాలికముగా తరగతులు ప్రారంభించి అనంతరము కందిలో స్థిరపడిన ఐఐటీకి ఆశ్రయమిచ్చిన ఈ సీమను గూర్చి వ్రాయువారు సాధారణముగా ఇనుమును గూర్చియు, రసాయనములను గూర్చియు వ్రాయుదురు. ఐనను ఆ ప్రహరీల వెనుకను, బస్టాండుల చెంత షట్టరు గదులలోను, అద్దె ఇండ్ల మేడగదులలోను పగలు పనికిని రాత్రి ఆటకును వెలుగుచుండు కంప్యూటర్ల కథయు ఈ సీమ కథలో భాగమే. ప్రాసెసరు ఎంపిక అను చిన్న ప్రశ్న ఎంత భౌతికశాస్త్రమును, ఎంత గణితమును ఇముడ్చుకొనియున్నదో చూపుటయే ఈ అధ్యాయపు ఉద్దేశము.

ఈ తెరల ముందు కూర్చుండువారు ఒక్క తీరువారు కారు. సీఎన్‌సీ యంత్రములు గల చిన్న వర్క్‌షాపులలో పంపు భాగములను, అచ్చులను సాలిడ్‌వర్క్స్ వంటి సాఫ్ట్‌వేర్లలో గీయు డిజైనర్లు కలరు. మాఘ, ఫాల్గుణ, వైశాఖ, శ్రావణ మాసములలో ముహూర్తము వెంట ముహూర్తముగా వచ్చిపడు పెళ్ళిళ్ళ వీడియోలను కోసి, కూర్చి, రంగులు దిద్ది, పెన్‌డ్రైవులో పెట్టి ఇచ్చు ఎడిటర్లు కలరు. ఫ్లెక్సీలు దించువారు, యూట్యూబు ఛానళ్ళు నడుపువారు, బ్లెండరులో త్రీడీ బొమ్మలు చేయు విద్యార్థులు కలరు. పని ముగిసిన పిమ్మట వీరిలో పెక్కుమంది అదే కుర్చీలో, అదే తెర ముందు వాలొరెంట్ గాని, కౌంటర్ స్ట్రైక్ గాని, జీటీఏ గాని ఆడుదురు. పనికొక యంత్రము, ఆటకొక యంత్రము కొనుట వీరికి సాధ్యము కాదు. కావున సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో అందరును సీటీసీ అని పిలుచు చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయి, అసెంబుల్డ్ సిస్టమ్ కట్టించుకొను వేళ అడుగు మొదటి మాట ఇంచుమించు ఒకటే.

“అన్నా, ఎడిటింగ్‌కు, గేమింగ్‌కు రెండిటికీ మంచిగ నడిచే ప్రాసెసర్ ఏదున్నది?”

“బడ్జెట్ ఎంత తమ్మీ?”

దుకాణదారుని ప్రశ్నలో దోషము లేదు. డబ్బు సంగతి తేలనిదే బేరము నడువదు. కాని బడ్జెటు కంటె ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు, దానిని అటు కొనువాడును ఇటు అమ్మువాడును అరుదుగా అడుగుదురు: యంత్రము శ్రమించుచున్నప్పుడు నీవు దాని ఎదుటనే కూర్చుండి దానికొరకు వేచియుందువా, లేక పని అప్పగించి లేచిపోవుదువా? సృజనకును క్రీడకును మధ్య మనము గీయు గీత నిజమైన గీత కాదనియు, నిజమైన గీత మనిషి ఎదుట ఉన్నప్పటి పనికిని, మనిషి లేచిపోయిన తరువాతి పనికిని మధ్యనే పడియున్నదనియు నా నమ్మకము. ఈ నమ్మకమునకు ఆధారములు ప్రాసెసరు పుట్టుకలోనే ఉన్నవి.

ట్రాంబే అణుపరిశోధన కేంద్రమున రూపుదిద్దుకొన్న టీడీసీ-12 అను కంప్యూటరును 1969లో హైదరాబాదు ఈసీఐఎల్ సంస్థ వెలువరించిన కాలమున, ప్రాసెసరనగా పెక్కు సర్క్యూటు పలకల సముదాయము. 1971లో ఇంటెల్ సంస్థ 2,300 ట్రాన్సిస్టర్లను ఒకే సిలికాను ముక్కపై పొదిగి 4004 అను పేర విడుదల చేసినది మొదలుకొని, ఆ సముదాయమంతయు ఒక్క చిప్పులో ఇమిడిపోయెను. 1974లో ఐబీఎం శాస్త్రజ్ఞుడు రాబర్ట్ డెన్నార్డ్ తన సహచరులతో కూడి ఒక ముఖ్యమైన సంగతిని నిరూపించెను: ట్రాన్సిస్టరు కొలతలను తగ్గించుకొనుచు, అదే నిష్పత్తిలో వోల్టేజిని కూడ తగ్గించుకొనుచు పోయినచో, చదరపు మిల్లీమీటరునకు పుట్టు వేడిమి పెరుగదు. ఈ సూత్రపు అండతోనే ముప్పది సంవత్సరములపాటు ప్రతి తరపు ప్రాసెసరును తన ముందు తరముకంటె వేగవంతమైనది. 4004 సెకనుకు సుమారు 7,40,000 గడియార స్పందనములతో (క్లాక్ సైకిళ్ళతో) నడువగా, 2004 నాటి పెంటియమ్ 4 సెకనుకు 380 కోట్ల స్పందనములకు చేరెను. అనగా ఐదువేల రెట్లు పెరుగుదల. అట్టి కాలమున ఎంపిక అను సమస్యయే లేదు. ఎక్కువ గిగాహెర్ట్జ్ గలది ఏ పనికైనను మేలు.

ఆ సూత్రము అక్కడ భగ్నమైనది. ట్రాన్సిస్టర్లు మిక్కిలి చిన్నవై, మూసియుంచినప్పుడు సైతము వాటిగుండ విద్యుత్తు కారుట మొదలిడగా, వోల్టేజిని ఒక వోల్టు ప్రాంతమునకు దిగువన ఇంకను తగ్గించుట కష్టమయ్యెను. వోల్టేజి దిగనప్పుడు వేగము పెంచిన కొలది వేడిమి మితిమీరెను. నాలుగు గిగాహెర్ట్జ్ పెంటియమ్‌ను విడుదల చేయు సంకల్పమును ఇంటెల్ 2004లో విరమించుకొన్నది. మరు సంవత్సరము ఇంటెల్, ఏఎండీ సంస్థలు రెండును ఒకే ముక్కలో రెండేసి కోర్లు (స్వతంత్రముగా లెక్కలు చేయు భాగములు) గల ప్రాసెసర్లను బజారులోనికి తెచ్చినవి. అటుపిమ్మట ఇంచుమించు ఇరువది యేండ్లకు గాని గరిష్ఠ వేగము ఆరు గిగాహెర్ట్జ్ దరిదాపులకు రాలేదు. కోర్ల సంఖ్య మాత్రము రెండు నుండి ఎనిమిదికి, పదునారునకు, ఇరువదినాలుగునకు పెరిగినది. వేగము నిలువునా పెరుగుట ఆగి అడ్డముగా విస్తరించినది కనుకనే, ఏ పనికి ఏది అను వివేచన మనకు అవసరమైనది.

అడ్డముగా విస్తరించుట ఏ పనికి ఎంత లాభమో తెలుపు లెక్కను జీన్ ఆమ్‌డాల్ 1967లోనే చెప్పియుండెను. పనిలో కొంత భాగము పలువురు పంచుకొనదగినది, కొంత భాగము ఒకదాని తరువాత ఒకటిగా మాత్రమే జరుగదగినది. పంచుకొన వీలుకాని భాగము ఎంత చిన్నదైనను, చివరకు మొత్తము వేగమునకు అదియే హద్దు గీయును. పెళ్ళి వీడియోను ఎక్స్‌పోర్ట్ చేయు పనిలో నూటికి 95 పాళ్ళు పంచుకొనదగినదని అనుకొందము. ఎనిమిది కోర్లతో ఆ పని 5.9 రెట్లు, పదునారు కోర్లతో 9.1 రెట్లు వేగముగా జరుగును. కోర్లు రెట్టింపైనందున సగముకంటె మించిన లాభము దక్కినది. ఆటలో పంచుకొనదగినది సగమే అనుకొన్నచో, ఎనిమిది కోర్లతో 1.78 రెట్లు, పదునారింటితో 1.88 రెట్లు మాత్రమే వేగము. రెట్టింపు కోర్లకు వెల చెల్లించి నూటికి ఆరు పాళ్ళు పొందితిమి. ఈ పాళ్ళు లెక్కకొరకు నేను ఊహించినవే ఐనను, నిజమైన సాఫ్ట్‌వేర్లును ఈ తీరుననే ప్రవర్తించును.

దీనిని కన్నులార చూడదలచినవారు విండోసులో టాస్క్ మేనేజరు తెరచి, పర్ఫార్మెన్స్ పుటలో ఒక్కొక్క లాజికల్ ప్రాసెసరునకు (కోరునకు, లేదా దానిలోని ఒక్కొక్క థ్రెడ్‌నకు) ఒక్కొక్క గడిగా చూపు ఏర్పాటును ఎంచుకొనవలెను. బ్లెండరులో ఒక చిత్రమును ప్రాసెసరుపై రెండరు చేయించినచో, పదునారు గడులుండిన పదునారును ఒక్క పెట్టున నిండి, పని పూర్తియగువరకు గీత పైయంచునుండి దిగదు. చిత్రములోని ప్రతి బిందువును తన ప్రక్క బిందువుతో నిమిత్తము లేకుండ లెక్కింపబడుటయే దీనికి హేతువు. అదే యంత్రముపై ఆట నడిపించినచో ఒకటి రెండు గడులలో గీత ఎగసిపడుచుండగా, తక్కినవి సగము కూడ నిండక, కొన్ని దాదాపు అడుగంటి ఉండును. మొత్తము వినియోగము నూటికి ముప్పదియే అని యంత్రము చూపుచున్నను ఆట ల్యాగ్ అగుచుండుట చూచి, ప్రాసెసరుకు దోషము లేదని భ్రమపడువారు కలరు; ఎగసిన ఆ ఒక్క గడియే అప్పుడు అపరాధి.

ఆట ఏల పంచుకొనరాదో కొంచెము వివరింపవలెను. సెకనుకు 60 దృశ్యములను చూపు తెరపై ఒక్కొక్క దృశ్యమునకు లభించు వ్యవధి 16.7 మిల్లీసెకన్లు, నేటి యువకులు మక్కువపడు 144 హెర్ట్జ్ తెరపై అది 6.9 మిల్లీసెకన్లు మాత్రమే. ఈ వ్యవధిలో ఆటగాని వ్రేలు నొక్కిన మీటను గ్రహించి, దానినిబట్టి పాత్ర కదలికను నిర్ణయించి, ఆ కదలికనుబట్టి ఎదిరి పాత్రల స్పందనను, గుండు తగిలెనా లేదా అనుదానిని తేల్చి, తేలిన ప్రపంచమును చిత్రింపుమని గ్రాఫిక్స్ కార్డునకు ఆజ్ఞలు వ్రాసి పంపవలెను. మొదటి మెట్టు తేలనిదే రెండవ మెట్టు మొదలుకాదు. ధ్వనిని, వెనుకటి దృశ్యముల లోడింగును ఇతర కోర్లకు అప్పగింపవచ్చును గాని ఈ వెన్నెముకను విరువరాదు. ఒక్క కోరు తన పనిని ఎంత శీఘ్రముగా ముగింపగలదో అంతవరకే ఆట వేగము.

ఇక నేను ముందు చెప్పిన గీత సంగతికి వత్తును. వర్క్‌షాపు డిజైనరు సాలిడ్‌వర్క్స్‌లో ఒక అచ్చును గీసి, దానికి రంధ్రము చేసి, ఆ రంధ్రపు అంచును గుండ్రన చేసి, పిమ్మట మొదటి కొలతను మార్చినచో, సాఫ్ట్‌వేరు ఆ మెట్లన్నింటిని మొదటినుండి వరుసగా తిరిగి లెక్కింపవలెను. రంధ్రము ఎక్కడనో తేలనిదే అంచు తేలదు. అనగా కర్మాగారపు గంభీరమైన పని కూడ, దాని స్వభావమును బట్టి చూచినచో, ఆటకు అన్నదమ్ముల వరుస! ఫోటోషాపులో కుంచె కదలిక, టైమ్‌లైన్‌పై వీడియోను ముందునకు వెనుకకు జరుపుట, త్రీడీ బొమ్మ ఎముకలను కదల్చి చూచుట, ఇవన్నియు చాలవరకు ఈ జాతివే. వీటిలో మనిషి ఎదుట కూర్చుండి ఉండును, అతని చేయి కదలిన తక్షణమే తెర స్పందింపవలెను. రెండరు, ఎక్స్‌పోర్ట్, బలపరీక్షల సిమ్యులేషన్ అనునవి రెండవ జాతివి. వీటిలో మనిషి మీట నొక్కి లేచిపోవును. మొదటి జాతికి కోరు వేగము ముఖ్యము, రెండవ జాతికి కోర్ల సంఖ్య ముఖ్యము. సాఫ్ట్‌వేరు మారిన పని జాతియు మారవచ్చును. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అను సాఫ్ట్‌వేరు చాలకాలము కోర్లను సరిగా వాడుకొనక, 2021లో పెక్కు ఫ్రేములను ఒకేసారి రెండరు చేయు పద్ధతిని స్వీకరించినది.

కోరు వేగమనగా గిగాహెర్ట్జ్ మాత్రమే కాదు. ఐదు గిగాహెర్ట్జ్ ప్రాసెసరులో ఒక స్పందనమునకు పట్టు కాలము సెకనులో ఐదు వందల కోట్లవ వంతు. ఆ వ్యవధిలో కాంతి సైతము ఆరు సెంటీమీటర్లు మాత్రమే పయనింపగలదు. ర్యామునుండి ఒక్క సంగతిని తెప్పించుకొనుటకు ఎనుబది నానోసెకన్ల ప్రాంతము పట్టును, అనగా నాలుగు వందల స్పందనములు వృథా. దీనిని పాశమైలారం వర్క్‌షాపులో నిలుచుండి చూచినచో సులభముగా బోధపడును. లేత్‌పై పనిచేయు కార్మికునకు కావలసిన టూలు చేతికందు బల్లపై ఉన్నచో పని ఆగదు. షెడ్డు చివర స్టోరు రూములో ఉన్నచో కొంత ఆగును. సికింద్రాబాదు రాణిగంజి బజారునుండి తెప్పింపవలసినదైనచో లేత్ ఎంత వేగముగా తిరుగునదైనను ఆ పూట పని చెడినట్లే. ఆ బల్ల ప్రాసెసరులోనే ఉండు చిరు జ్ఞాపకమైన క్యాషెలో మొదటి అంచె, ఆ స్టోరు మూడవ అంచె క్యాషె, ఆ బజారు ర్యాము. మొదటి అంచెనుండి సరకు నాలుగైదు స్పందనములలో అందును, మూడవ అంచెనుండి ఐదు పదుల ప్రాంతములో అందును.

ఆటకు కావలసిన సరకు ఎప్పుడు ఏది అగునో ముందుగా ఊహించుట కష్టము. ఆటగాడు ఏ సందు తిరుగునో ఎవరు చెప్పగలరు? వీడియో ఎక్స్‌పోర్ట్‌లో సరకు వరుసగా వచ్చుచుండును గనుక ప్రాసెసరు ముందుగానే తెప్పించి ఉంచుకొనగలదు. అందుచేతనే పెద్ద క్యాషె ఆటకు అమితముగా ఉపకరించును, ఎక్స్‌పోర్ట్‌కు స్వల్పముగా మాత్రమే ఉపకరించును. ఏఎండీ సంస్థ 2022లో రైజెన్ 7 5800ఎక్స్3డీ అను ప్రాసెసరులో, కోర్లున్న సిలికాను ముక్కమీద 64 మెగాబైట్ల క్యాషె గల మరియొక ముక్కను రాగితో రాగిని నేరుగా అతికించి పేర్చి, మూడవ అంచె క్యాషెను 96 మెగాబైట్లకు పెంచినది. 2023 నాటి 7800ఎక్స్3డీ ఆ మార్గమునే అనుసరించినది. ఈ అమరికలో ఒక చిక్కు కలదు: పైన పేర్చిన ముక్క కోర్ల వేడిమిని కూలరు వరకు సరిగా పోనీయదు, కావున వేగమును కొంత కట్టివేయవలసివచ్చినది. 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీలో క్యాషెను కోర్ల క్రిందికి మార్చిరి. కోర్లు కూలరుకు చేరువై వేగము 5.2 గిగాహెర్ట్జ్‌కు పెరిగెను. ఈ చిన్న తారుమారులో నాకు గొప్ప ఇంజనీరింగు సౌందర్యము కనబడును. 2025లో వచ్చిన 9950ఎక్స్3డీలో పదునారు కోర్లుండగా, అవి రెండు ముక్కలుగా విభజింపబడి, ఒక ముక్కకు మాత్రమే పెద్ద క్యాషె అమర్పబడినది. ఆటను ఆ ముక్కకే అప్పగించు బాధ్యత విండోసుపై పడును. ఎక్స్‌పోర్ట్ వేళ రెండును కలిసి పనిచేయును. రెండు వ్యాసంగములను ఒక్క చిప్పులో సంధించుటకు జరిగిన యత్నములలో ఇది ఉత్తమమైనది. వెలయు అందుకు తగినట్టిదే.

ఇంటెల్ వారి మార్గము వేరు. 2021 చివర వచ్చిన పన్నెండవ తరమునుండి వారు రెండు రకముల కోర్లను ఒకే ప్రాసెసరులో ఉంచుచున్నారు: వేగమునకు పెద్ద కోర్లు, సమూహశ్రమకు చిన్న కోర్లు. కోర్ ఐ9 14900కేలోను, 2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 9 285కేలోను ఎనిమిది పెద్దవి, పదునారు చిన్నవి. కోర్ అల్ట్రా 7 265కేలో ఎనిమిది పెద్దవి, పన్నెండు చిన్నవి. మనిషి ఎదుటనున్నప్పటి పనికి పెద్దవి, లేచిపోయిన తరువాతి పనికి అన్నియు అను విభజన ఇందు స్పష్టముగా కనబడును. ఇదిగాక 2011 నుండి ఇంటెల్ ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్ భాగమున వీడియోను విప్పుటకును కుదించుటకును క్విక్ సింక్ అను ప్రత్యేక యంత్రాంగము కలదు. పెళ్ళి ఎడిటర్లకు ఇది వరమే. నేటి మిర్రర్‌లెస్ కెమేరాలు హెచ్.265 పద్ధతిలో పది బిట్ల 4:2:2 వీడియోను తీయుచుండగా, దానిని విప్పు శక్తి 40 వరుస వరకు వచ్చిన జీఫోర్స్ గ్రాఫిక్స్ కార్డులకు లేదు. 2025లో వచ్చిన 50 వరుసకు కలదు. ఇంటెల్ చిప్పులకు చాలకాలముగా కలదు. టైమ్‌లైన్ జరుపునప్పుడు వీడియో తడబడుచున్నదని వాపోవు ఎడిటరునకు పదునారు కోర్లకంటె ఈ యంత్రాంగమే ఎక్కువ ఊరటనిచ్చును. పదమూడు, పదునాలుగవ తరముల కోర్ ఐ7, ఐ9 ప్రాసెసర్లలో కొన్ని అధిక వోల్టేజి వలన కాలక్రమమున చెడిపోవుచున్నవని 2024లో ఇంటెల్ అంగీకరించి, మైక్రోకోడు సవరణలు విడుదల చేసి, వారంటీని రెండేండ్లు పొడిగించినది; పాత సరకు చవుకగా దొరకినప్పుడు ఈ సంగతి మరువరాదు.

ప్రాసెసరును గూర్చి ఇంత చెప్పినను, ఆటలో తెర స్పష్టత పెరిగిన కొలది భారము గ్రాఫిక్స్ కార్డుపైకి జరుగుననియు, బ్లెండరు రెండరింగు, డావిన్చీ రిజాల్వ్‌లోని రంగుల దిద్దుబాటు కూడ ఆ కార్డుపైననే మిక్కిలి వేగముగా సాగుననియు గ్రహింపవలెను. ఆటకొరకు పుట్టిన కార్డు సృజనకు పనిముట్టగుట మన తెలుగువారికి పరాయి ముచ్చట కాదు. కొవ్వూరున జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందును ఖరగ్‌పూర్ ఐఐటీయందును చదివిన రాజా కోడూరి, ఏఎండీ, యాపిల్, ఇంటెల్ సంస్థలలో గ్రాఫిక్స్ నిర్మాణమునకు నాయకత్వము వహించెను. హైదరాబాదున ఇంటెల్ తన డిజైన్ కేంద్రమును 2019 డిసెంబరులో ప్రారంభించినది; ఏఎండీకి కూడ ఇచట పెద్ద కార్యాలయము కలదు. “ఈగ”, “బాహుబలి” చిత్రముల విజువల్ ఎఫెక్ట్స్‌లో పాల్గొన్న మకుట సంస్థ కూడ ఈ నగరముతో ముడిపడినదే. సంగారెడ్డి యువకుడు కొనబోవు చిప్పుల వెనుకటి శ్రమలో కొంత, అతడు ప్రతిదినము బస్సెక్కి పోవు నగరములోనే జరుగుచున్నది.

ఇంతవరకు చెప్పినది ఏ దేశమునకైనను వర్తించును. ఈ సీమకు ప్రత్యేకించి వర్తించునవి ఎండ, దుమ్ము, గాలి, కరెంటు. ఇంటర్నెట్టులో మనము చూచు పరీక్షలు పెక్కు 20, 22 డిగ్రీల చల్లని గదులలో జరుగును. కూలరు చేయగలది ప్రాసెసరును గది ఉష్ణోగ్రతకంటె ఇన్ని డిగ్రీలు ఎక్కువగా నిలుపుట మాత్రమే. ఆ తేడా 60 డిగ్రీలైనచో, 22 డిగ్రీల గదిలో ప్రాసెసరు 82 వద్ద హాయిగా నడచును. మే నెలలో రేకుల షెడ్డు క్రింద 42 డిగ్రీలున్న మధ్యాహ్నము అదే ప్రాసెసరు 102కు పోవలెను, కాని 95 గాని, 100 గాని తన హద్దని నిర్ణయింపబడినది కనుక తనంతట తానే వేగము తగ్గించుకొనును. అనగా గరిష్ఠముగా 253 వాట్లు త్రాగు 14900కేని కొని ఏసీ లేని గదిలో పెట్టినవాడు, చెల్లించిన వెలకు తగిన వేగమును ఏడాదిలో మూడు నెలలు పొందనే పొందడు. ఇందుకు ప్రతిక్రియ భౌతికశాస్త్రములోనే కలదు: ప్రాసెసరు త్రాగు విద్యుత్తు వోల్టేజి వర్గమునకును, వేగమునకును అనులోమముగా ఉండును; వేగముతోపాటు వోల్టేజి కూడ తగ్గును గనుక, వేగమును పది పాళ్ళు తగ్గించినచో విద్యుత్తు సుమారు ఇరువదియేడు పాళ్ళు తగ్గును. రైజెన్ బోర్డులలోని ఎకో మోడ్ చేయునది ఇదియే. వేసవి మూడు మాసములు దానిని వాడుటలో నామోషీ లేదు.

గాలి సంగతి చెప్పుటకు మనసు బరువెక్కును. పరిశ్రమల వ్యర్థములతో కలుషితమైన నక్కవాగు అను ఏటిని గూర్చి 1990లో సుప్రీంకోర్టు వరకు వ్యాజ్యము నడచిన ప్రాంతమిది. మనుష్యుల ఊపిరితిత్తులను, చేలను బాధించు గాలి యంత్రములను మాత్రము విడుచునా? గంధకపు వాయువులు రాగిని, వెండిని క్రమముగా తినివేయును. కంప్యూటర్లుండు గదులలో రాగిపై నెలకు పేరుకొను తుప్పు 300 ఆంగ్‌స్ట్రాములకు తక్కువగా ఉండవలెనని అంతర్జాతీయ ప్రమాణము నిర్దేశించుచున్నది. గదిలో కొలతలు చేయుట సామాన్యునకు సాధ్యము కాదు గాని, క్యాబినెటు ముందు భాగమున జాలి ఫిల్టరు గలదానిని కొని నెలకొకసారి కడుగుట, లోనికి గాలి తోయు ఫ్యాన్లు వెలుపలికి లాగు ఫ్యాన్లకంటె ఎక్కువ ఉండునట్లు అమర్చుట సాధ్యమే. నీటి కూలరుకంటె పెద్ద గాలి కూలరునే నేను మెచ్చుదును. దానిలో చెడునది ఫ్యాను ఒక్కటే, అది సంగారెడ్డిలోనే దొరకును. పెద్ద మోటార్లు ఒక్కసారిగా తిరుగుట మొదలైనప్పుడు చుట్టుప్రక్కల వోల్టేజి క్షణకాలము కుంగును; ఆరు గంటలుగా సాగుచున్న ఎక్స్‌పోర్ట్ నశించుటకు ఆ క్షణము చాలును. కావున ప్రాసెసరుపై పెట్టదలచిన చివరి ఐదారు వేలను మంచి యూపీఎస్‌కు మరల్చుట లోభము కాదు, వివేకము.

ఇట్లు అన్నియు చూచిన పిమ్మట ఎవరికి ఏది తగునో చెప్పుట కష్టము కాదు. వర్క్‌షాపు డిజైనరునకు, పగలు నమూనాలు గీచి రాత్రి ఆడువానికి, ఎనిమిది వేగవంతమైన కోర్లు చాలును. 65 వాట్ల రైజెన్ 7 9700ఎక్స్ వంటిది ఎండకును కరెంటు బిల్లుకును అనుకూలము. ఆటపై మిక్కిలి ఆసక్తి గలవాడు పెద్ద క్యాషె గల ఎక్స్3డీ జాతిని కోరుట సమంజసమే. డబ్బు పరిమితమైన విద్యార్థి ఆరు కోర్ల రైజెన్ 5 7600 కొని, మిగిలినది ర్యామునకును గ్రాఫిక్స్ కార్డునకును వెచ్చించినచో నష్టపోడు. ఏఎం5 సాకెటును 2027 వరకైనను కొనసాగింతుమని ఏఎండీ ప్రకటించినది గనుక, సంపాదన మొదలైన పిమ్మట అదే బోర్డులో పెద్ద ప్రాసెసరును దింపుకొనవచ్చును. పెళ్ళి ఎడిటర్లు మాత్రము రెండు తెగలు. రాత్రి పండుకొనబోవు ముందు ఎక్స్‌పోర్ట్ పెట్టి, తెల్లవారి లేచి చూచుకొనువానికి ఆ పని రెండు గంటలలో ముగిసినను నాలుగు గంటలలో ముగిసినను భేదము లేదు. అట్టివానికి పదునారు కోర్లు అనవసరపు వ్యయము. రిసెప్షను నాటికే హైలైట్స్ చూపవలెనని ఒప్పుకొన్నవాడు, దినమునకు నాలుగైదు వీడియోలు పెట్టు ఛానలువాడు ఎక్స్‌పోర్ట్ ముగియువరకు చేతులు ముడుచుకొని కూర్చుండును. అతనికి ప్రతి నిమిషమును కూలియే. అతనికి క్విక్ సింక్ గల 265కే గాని, 50 వరుస కార్డుతో కూడిన పదునారు కోర్ల రైజెన్ గాని తగును, దానికి తోడు ఏసీ గదియు తగును.

కొనుటకు పోవునప్పుడు గత పెళ్ళి ప్రాజెక్టును పెన్‌డ్రైవులో వెంట తీసికొనిపోయి, దుకాణములో నడుచుచున్న సిస్టమ్‌పై ఒకసారి తెరచి చూపుమని అడుగుట మేలు. నమ్మకమైన దుకాణదారుడు కాదనడు. బయాసు కొత్తదానికి మార్చి ఇమ్మని, బిల్లుపై ప్రాసెసరు పెట్టెమీది సీరియల్ నెంబరు వ్రాయుమని అడుగవలెను. ఇంటికి తెచ్చిన తరువాత, మొదటి పెద్ద ఎక్స్‌పోర్ట్‌ను మిట్టమధ్యాహ్నమున పెట్టి అరగంట గడచిన పిమ్మట వేగమును, ఉష్ణోగ్రతను చూచి వ్రాసికొనవలెను. మొదటి ఐదు నిమిషముల వేగముకంటె అరగంట తరువాతి వేగము బాగుగా పడిపోయినచో దోషము ప్రాసెసరుది కాదు, కూలరుదో గదిదో. వేగము నిలిచియుండి, గడులన్నియు నిండియుండి, నీవు ఇంకను వేచియే యున్నచో, మరుసారి కోర్లు ఎక్కువ గలదానిని కొనుము. ఒక్క గడియే నిండి తక్కినవి ఖాళీగా ఉన్నచో, ఇంకెన్ని కోర్లు కొన్నను ఆ నిరీక్షణ తగ్గదు.